గుమ్మడికాయ కొట్టని వీడ్కోలు

శ్రోతలకు నమస్కారం.

సినిమా షూటింగ్ పూర్తయితే గుమ్మడికాయ కొడతారు. సీరియల్లో నాలుగైదేళ్ళు ఒకే పాత్ర వేసిన నటి ఆఖరి రోజున మాత్రం కొట్టరు. వెళ్ళేది ఆమే గానీ, సీరియల్ ఆగడం లేదు కదా! ఒక కేకు, ఒక శాలువా, అందరూ కలిసి ఒక ఫొటో. ఆ కేకు ముక్కలు పంచుతుండగానే తర్వాతి సీనుకి లైట్లు జరుగుతుంటాయి.

వీడ్కోలు అంటే మనకి కన్నీళ్ళు. యూనిట్‌కి మాత్రం అది లెక్క. వారానికి 6 ఎపిసోడ్లు వేసే సీరియల్లో, అరగంటలో ప్రకటనలు పోగా కథ నడిచేది 20, 22 నిమిషాలు. ముఖ్య పాత్రధారి నెలకి 12 నుంచి 15 రోజులు కాల్షీట్లు ఇస్తే అవన్నీ నిండుతాయి. షూటింగుకీ ప్రసారానికీ మధ్య చేతిలో ఉండే ఎపిసోడ్లని బ్యాంకు అంటారు. అది వారానికి సరిపడా ఉంటే గొప్ప. నెల ముందు చెప్పి వెళ్ళే నటికి రచయిత ఒక ట్రాక్ అల్లగలడు: అనుమానం, గొడవ, ప్రయాణం, కబురు. మూడు రోజుల ముందు చెబితే కబురు ఒక్కటే మిగులుతుంది. కథానాయిక హఠాత్తుగా అమెరికా వెళ్ళిపోయిందనో, ఫోన్లో ఆమె గొంతు మాత్రమే వినిపిస్తోందనో మీకు తోచిందంటే, ఆ వారం బ్యాంకు ఖాళీ అనుకోవచ్చు.

ఆఖరి కాల్షీటులో సీన్లు కథ వరసలో తీయరు. హాల్లో అందరూ ఉండే కాంబినేషన్ సీన్లు ముందు, ఆమె ఒక్కతే ఉన్నవి చివర. అందుకే ‘నేను వెళ్ళిపోతున్నాను అత్తయ్యా’ అనే మాట పొద్దున పదింటికే అయిపోతుంది. ఆ మాటకి కారణమైన గొడవ భోజనాల తర్వాత తీస్తారు. పొద్దున ఎంత ఏడ్చిందో, కళ్ళు ఎంత ఎర్రబడ్డాయో గుర్తుపెట్టుకోవడం కంటిన్యుటీ చూసే అసిస్టెంట్ పని. ఫోన్లో ఫొటోలు తీసుకుంటాడు: కొంగు ఏ భుజం మీద ఉంది, గాజులు ఎన్ని, జడ ముందుకా వెనక్కా. నల్లపూసలు పైటలోకి పోయాయా అన్నది కూడా చూడాలి. అది తప్పితే ఇంటి దగ్గర చూసే అమ్మమ్మలే ముందు పట్టేస్తారు.

తర్వాత మాటలు లేని ముక్కలు తీసి దాచుకుంటారు. కిటికీ దగ్గర నిలబడటం, తలుపు తీసి చూడటం, ఫోను చూసి ఉలిక్కిపడటం. ఒక్కొక్కటీ పగటి లైటింగులో ఒకసారి, రాత్రి లైటింగులో ఒకసారి. ఫ్లాష్‌బ్యాకులకీ కలలకీ ఇవే దిక్కు. గోడ మీద పెట్టే ఫొటో కూడా ఆ రోజే కానిస్తారు. చూపు నేరుగా ఉండాలి, నవ్వు ఉండీ లేనట్టుండాలి. దండ వెయ్యాలో వద్దో అప్పటికి ఎవరికీ తెలీదు మరి.

ఆమె వెళ్ళాక ఎదుటివాళ్ళ రియాక్షన్లు మిగులుతాయి. వాటిని సజెషన్‌లో లాగిస్తారు. అంటే కెమెరాకి వీపు చూపిస్తూ, అదే చీర కట్టుకున్న డూప్ నిలబడితే, ఆ భుజం మీదుగా అత్తగారి ముఖం తీస్తారు. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ఆ చీర నటి సొంతదైతే పెట్టెతో పాటు వెళ్ళిపోతుంది. అప్పుడిక టైట్ క్లోజులే. అత్తగారు ఎవరితో మాట్లాడుతోందో తెలియకుండా ఆవిడ ముఖమే నిమిషంసేపు చూపించారంటే, అవతల చీర లేదని అర్థం.

చావు సీనైతే ఒక ఆచారం ఉంది. షాట్ ఓకే అన్నాక ఆ నటి లేచి కూర్చుని కెమెరా వంక చూసి నవ్వాలి. ఆ నవ్వు ఎడిటింగులో పోతుంది, కానీ తీయకుండా ఎవరూ కదలరు.

చంపడం సులువు, పూర్తిగా చంపడమే కష్టం. అందుకే లోయ, నది, కాలిన కారు. శవం కనిపించకపోతే తలుపు ఓరగా తెరిచే ఉంటుంది. అమెరికా సీరియల్ డాలస్‌లో 1985లో చనిపోయిన బాబీని 1986లో స్నానాలగదిలో ప్రత్యక్షం చేసి, మధ్యలో నడిచిన కథంతా అతని మాజీ భార్య కల అనేశారు. హిందీలో క్యూంకీ సాస్ భీ కభీ బహూ థీ సీరియల్లో కథానాయకుడు మిహిర్‌ని చంపితే ప్రేక్షకుల గోలకి మళ్ళీ బతికించాల్సి వచ్చింది. ఆ పాత్రే తర్వాత మరో నటుడు రోణిత్ రాయ్ చేతికి వెళ్ళింది. మన కార్తీకదీపం సంగతి మీకు తెలిసిందే. 2017లో మొదలై, 2022లో డాక్టర్ బాబునీ వంటలక్కనీ ప్రమాదంలో పోగొట్టి, పిల్లల్ని పెద్దవాళ్ళని చేసింది. ఆ ఏడాదే ఇద్దరినీ వెనక్కి పిలిచింది. ఆ పాత్రలు వేసిన నిరుపమ్, ప్రేమి విశ్వనాథ్ లేకుండా ఆ ఇల్లు ఇల్లులా లేదన్నది ఛానల్‌కి త్వరగానే తెలిసొచ్చింది. తెలియజెప్పేది గురువారం వచ్చే రేటింగులు.

పాత్రని ఉంచి మనిషిని మార్చితే చాకిరీ ఇంకా ఎక్కువ. తెర కింద ‘నేటి నుంచి ఈ పాత్రలో’ అని ఒక పట్టీ వేస్తారు. కొత్తామె ముందు పాదాలు, తర్వాత వీపు, గుమ్మం దాటాక ముఖం. పెళ్ళి ఫొటో నుంచి ఫోన్ తెర మీది బొమ్మ దాకా రాత్రికి రాత్రి మార్చాలి, ఒక్కటి మిగిలినా నవ్వులపాలు. ఇంత చేసినా ప్రేక్షకుడు కొత్తావిణ్ణి వారంలో ఒప్పుకున్నాడంటే, ఆ ఘనత చాలాసార్లు తెర మీద కనిపించని మనిషిది. మన సీరియళ్ళలో కన్నడ, మలయాళ నటీమణులు చాలామంది. వాళ్ళకి తెలుగు గొంతు ఇచ్చేది డబ్బింగ్ కళాకారిణి. ముఖం మారినా గొంతు మార్చకూడదని చూసుకుంటారు. కళ్ళు మూసుకుని వింటే కోడలు ఎక్కడికీ పోలేదు, వంటింట్లోంచి ‘వస్తున్నా అత్తయ్యా’ అంటూనే ఉంటుంది.