డివిడెండ్ ఈల్డ్ పెరిగిందంటే నిజంగా పెరిగింది ఏమిటి?

[తెరపై ఒక భిన్నం: పైన 8, కింద 200]

వ్యాఖ్యానం: ఒక షేరు ధర 200 అనీ, ఏడాది మొత్తంలో ఆ షేరుకు కంపెనీ పంచిన డివిడెండ్, అంటే వాటాదారులకు ఇచ్చిన సొమ్ము, 8 అనీ అనుకుందాం. ఎనిమిదిని రెండు వందలతో భాగించి నూరుతో హెచ్చిస్తే వచ్చే 4 శాతమే డివిడెండ్ ఈల్డ్.

[కింది అంకె 200 నుంచి 100కు జారుతుంది]

ఇప్పుడు షేరు ధర సగానికి పడిపోయింది. కంపెనీ చిల్లిగవ్వ కూడా ఎక్కువ ఇవ్వలేదు, అయినా ఈల్డ్ 8 శాతానికి చేరింది. లవాన్ని, అంటే పైనున్న డివిడెండ్‌ను, నిర్ణయించేది డైరెక్టర్ల బోర్డు, అది కూడా ఏడాదికి కొద్దిసార్లు మాత్రమే. హారాన్ని, అంటే కిందనున్న షేరు ధరను, నిర్ణయించే మార్కెట్ మాత్రం పనివేళల్లో క్షణం కూడా ఊరుకోదు. అందుకే ఈల్డ్ ప్రకారం పేర్చిన పట్టికలో పై వరుసల్లో కనిపించే కంపెనీలలో ఉదారంగా పంచేవాటితో పాటు, షేరు ధర కుప్పకూలినవి కూడా ఉంటాయి. ఏది ఏ కోవకు చెందిందో ఆ ఒక్క శాతం చెప్పలేదు, డివిడెండ్ చరిత్ర చెబుతుంది.

[తెరపై జనరల్ ఎలక్ట్రిక్ త్రైమాసిక డివిడెండ్ల గ్రాఫ్]

అమెరికాకు చెందిన జనరల్ ఎలక్ట్రిక్ చరిత్రను చూడండి. 1938 తరువాత ఒక్కసారి కూడా డివిడెండ్ తగ్గించని ఆ కంపెనీ, 2009లో మూడు నెలలకు షేరుకు 31 సెంట్లుగా ఉన్న మొత్తాన్ని 10 సెంట్లకు కోసేసింది. తరువాతి ఏళ్లలో అది మెల్లగా 24 సెంట్ల దాకా పెరిగింది. 2017 ఆరంభంలో షేరు 30 డాలర్లకు కాస్త పైన ఉన్నప్పుడు ఈల్డ్ సుమారు 3 శాతం. అదే ఏడాది నవంబరు నాటికి ధర 20 డాలర్ల దగ్గరకు దిగేసరికి అది దాదాపు 5 శాతమైంది. ఆ అంకెను చూసి ముచ్చటపడి కొన్నవారికి ఆ నెలలోనే డివిడెండ్ 12 సెంట్లకు తగ్గిందన్న ప్రకటన ఎదురైంది, మరుసటి ఏడాది అక్టోబరులో అది 1 సెంటుకు దిగిపోయింది.

అప్పటి షేరు ధర సుమారు 10 డాలర్లు. గత పన్నెండు నెలల్లో చెల్లించిన 48 సెంట్లను లెక్కలోకి తీసుకుంటే ఈల్డ్ ఇంకా 5 శాతానికి దగ్గరగానే కనిపిస్తుంది, రాబోయే ఏడాదికి 4 సెంట్లే వస్తాయని లెక్కిస్తే మాత్రం అది అర శాతం కూడా ఉండదు. ఈల్డ్ ఎక్కడ కనిపించినా అది గతానిదా, రాబోయేదా అన్నది ముందు తేల్చుకోవాలి.

[గ్రాఫ్‌లో 2021 దగ్గర నిలువు గీత]

ఇంకో చిక్కు. 2021లో ఈ డివిడెండ్ 1 సెంటు నుంచి 8 సెంట్లకు ఎగబాకినట్లు కనిపిస్తుంది. నిజానికి ఎనిమిది షేర్లను కలిపి ఒకటిగా చేశారు, అంతే; వాటాదారుడి చేతికి అందే సొమ్ములో మార్పేమీ లేదు. షేర్ల విభజన, విలీనాలను సర్దుబాటు చేయని చరిత్ర ఇలాగే మోసపుచ్చుతుంది. మైక్రోసాఫ్ట్ 2004లో త్రైమాసికానికి 8 సెంట్లు ఇస్తూనే ఒక్కసారికి 3 డాలర్ల ప్రత్యేక డివిడెండ్ చెల్లించింది. ఆ మొత్తాన్ని కూడా కలిపి లెక్కిస్తే ఈల్డ్ 10 శాతం దాటుతుంది, కానీ మరుసటి ఏడాది దానిని ఆశించడానికి ఏ ఆధారమూ లేదు.

కోకాకోలా వంటి కంపెనీ 60 ఏళ్లకు పైగా ఏటా డివిడెండ్ పెంచుతూ రావడం గట్టి సాక్ష్యమే. అయితే వరుస తెగకూడదని నామమాత్రంగా పెంచే కంపెనీలు కూడా ఉంటాయి కనుక, ఎన్నేళ్లు పెంచారన్నదానికన్నా ఎంత పెంచారన్నదానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

[తెరపై రెండు అంకెలు: లాభం 10, డివిడెండ్ 8]

ఆ పెంపుకు డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో తెలియాలంటే చెల్లింపు నిష్పత్తిని చూడాలి. షేరుకు 10 లాభం వచ్చినప్పుడు 8 పంచితే అది 80 శాతం. లాభం 7కు పడిపోయినా 8 పంచుతూ పోతే, మిగతా ఒకటి పాత నిల్వల నుంచో అప్పు నుంచో రావాలి. పైగా పుస్తకాల్లోని లాభం మొత్తం నగదు కాదు కనుక, వ్యాపారంలో వచ్చిన నగదు నుంచి యంత్రాలకు, భవనాలకు పెట్టిన ఖర్చు తీసేసి, మిగిలిన దానితో డివిడెండ్‌ను పోల్చడం మరింత నమ్మదగిన పద్ధతి.

చివరిగా తేదీల సంగతి. ఎక్స్-డివిడెండ్ తేదీ నాడు గానీ ఆ తరువాత గానీ కొన్నవారికి ఆ విడత డివిడెండ్ రాదు. ఒక రోజు ముందు కొని, డివిడెండ్ పుచ్చుకొని అమ్మేద్దామనుకుంటే, ఆ తేదీన షేరు ధర మామూలుగా ఇంచుమించు అంత మొత్తమే తగ్గి మొదలవుతుంది.