పీజో సమీకరణాలు: నెత్తి మీది అక్షరాల సంగతి

నమస్తే. నా చేతిలో ఉన్న ఈ ఇత్తడి బిళ్ళ చూడండి. పది రూపాయల బిళ్ళంత ఉంటుంది. నడుమ తెల్లగా కనిపిస్తున్నదే పీజో సిరామిక్, అంటే నొక్కితే విద్యుత్ ఛార్జ్ పుట్టించే, వోల్టేజి ఇస్తే సాగే పదార్థం. హన్మకొండలో ఎలక్ట్రానిక్స్ సామాను అమ్మే షాపులో పీజో బిళ్ళ అని అడిగితే ఇస్తారు. దీని రెండు వైర్లకి ఒక ఎల్‌ఈడీ కలిపాను. ఇప్పుడు స్క్రూడ్రైవర్ పిడితో కొడుతున్నాను. చటుక్కున మెరిసింది, చూశారా? బ్యాటరీ ఎక్కడా లేదు.

ఈ మెరుపు లెక్కంతా రెండు సమీకరణాల్లో ఉంది. బోర్డు మీద రాస్తున్నాను.

పెద్ద ఎస్ = చిన్న ఎస్ × టి + చిన్న డి × ఈ.
పెద్ద డి = చిన్న డి × టి + ఎప్సిలాన్ × ఈ.

టి అంటే స్ట్రెస్, చదరపు మీటరు మీద పడే బలం. పెద్ద ఎస్ అంటే స్ట్రెయిన్, పొడవులో ఎన్నో వంతు మార్పు వచ్చిందో. చిన్న ఎస్ అంటే పదార్థం ఎంత సులువుగా సాగుతుందో చెప్పే అంకె. ఎప్సిలాన్ అంటే పర్మిటివిటీ, కెపాసిటర్‌లో పదార్థం ఎంత ఛార్జ్ పట్టనిస్తుందో చెప్పే అంకె. ఈ అంటే విద్యుత్ క్షేత్రం. పెద్ద డి అంటే ఎలక్ట్రిక్ డిస్‌ప్లేస్‌మెంట్, అంటే చదరపు మీటరు ఎలక్ట్రోడ్ మీద చేరే ఛార్జ్ అనుకోండి. మొదటిదాంట్లో చివరి ముక్క చేత్తో మూసేస్తున్నాను. మిగిలింది హుక్ సూత్రమే. రెండోదాంట్లో మొదటి ముక్క మూస్తే మామూలు కెపాసిటర్. ఈ రెండింటినీ ముడివేసేది చిన్న డి ఒక్కటే.

రెండు చోట్లా అదే డి ఎందుకు వస్తుంది? యూనిట్లు చూడండి. నొక్కితే ఛార్జ్ వచ్చే దగ్గర దాని యూనిట్ న్యూటన్‌కి ఇన్ని కూలుంబులు. వోల్టేజి ఇస్తే సాగే దగ్గర వోల్టుకి ఇన్ని మీటర్లు. కూలుంబును వోల్టుతో గుణించినా, న్యూటన్‌ను మీటరుతో గుణించినా వచ్చేది జౌలే, కాబట్టి రెండు యూనిట్లూ ఒకటే. 1880లో జాక్, పియర్ క్యూరీ సోదరులు నొక్కితే ఛార్జ్ రావడం కనిపెట్టారు. వోల్టేజి ఇస్తే పదార్థం సాగాలని 1881లో భౌతిక శాస్త్రవేత్త లిప్‌మన్ థర్మోడైనమిక్స్ లెక్కతోనే చెప్పాడు. ప్రయోగం చేసి చూస్తే నిజమే అయింది. నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే.

మాత్రికల గురించి ఒక్క మాట. స్ట్రెస్, స్ట్రెయిన్‌లకు ఆరేసి భాగాలు, ఈ, డి లకు మూడేసి. కాబట్టి చిన్న డి లో 18 గడులుంటాయి. మొదటి సమీకరణంలో దాన్ని ట్రాన్స్‌పోజ్ చేసి రాయాలి. పోలింగ్ చేసిన, అంటే బలమైన విద్యుత్ క్షేత్రంలో పెట్టి లోపలి ధ్రువాలను ఒక దిక్కుకి తిప్పిన సిరామిక్‌లో 18లో 13 సున్నాలే. మిగిలిన అయిదింటిలో వేరువేరు విలువలు మూడే: డి33, డి31, డి15. 3 అంటే పోలింగ్ దిక్కు. డి33లో బలం, ఛార్జ్ రెండూ ఆ దిక్కులోనే; డి31లో బలం దానికి అడ్డంగా; డి15 పక్కకి జరిపే బలానికి. కాబట్టి టెన్షన్ పడకండి.

ఇక అసలు సంగతి. పుస్తకంలో చిన్న ఎస్ నెత్తి మీద ఈ అని, ఎప్సిలాన్ నెత్తి మీద టి అని చిన్న అక్షరాలుంటాయి. చాలామంది వీటిని ఘాతాలనుకుంటారు. కాదు. కొలిచేటప్పుడు దేన్ని మారకుండా ఉంచారో చెప్పే గుర్తులవి. ఎస్ మీద ఈ అంటే విద్యుత్ క్షేత్రం మారకూడదు, అంటే రెండు వైర్లూ కలిపేసి కొలిచారు. వైర్లు విడిగా వదిలేసి కొలిస్తే నెత్తి మీద డి రాస్తారు.

ఏదైతే ఏముందిలే అనుకోకండి. పీజడ్‌టీ-5హెచ్ అనే సిరామిక్ తీసుకుందాం. వైర్లు కలిపితే దాని ఎస్33 సుమారు 20.7, విడదీస్తే సుమారు 9. రెండూ చదరపు మీటర్/న్యూటన్‌లో, పది టు ద పవర్ మైనస్ 12తో గుణించి చదవాలి. వైర్లు కలిపితే అదే ముక్క, అదే బలానికి, రెట్టింపుకు పైగా నొక్కుకుపోతుంది! వైర్లు విడిగా ఉంటే పుట్టిన ఛార్జ్‌కి పోయే దారి లేదు. అది లోపల క్షేత్రాన్ని పెంచుతుంది, ఆ క్షేత్రమే ముక్కను ఎదురు తోస్తుంది. మొదటి సమీకరణంలో రెండో ముక్క చేసే పని ఇదే.

ఇప్పుడు ఒక లెక్క. కాజీపేట స్టేషన్ ప్లాట్‌ఫామ్ కింద పీజో పెట్టి లైట్లు వెలిగిద్దాం అని బీటెక్ ప్రాజెక్టు అనుకున్నారనుకోండి. చదరపు సెంటీమీటర్ వైశాల్యం, ఒక మిల్లీమీటర్ మందం ఉన్న 5హెచ్ ముక్క. డి33 విలువ 593 పికోకూలుంబ్/న్యూటన్. 60 కిలోల మనిషి నేరుగా దాని మీద నిలబడితే సుమారు 600 న్యూటన్లు, ఛార్జ్ 356 నానోకూలుంబులు. వైర్లు విడిగా ఉంటే పెద్ద డి సున్నా, కాబట్టి రెండో సమీకరణం నుంచి ఈ వస్తుంది. ఎప్సిలాన్‌కి 3400 రెట్లు ఎప్సిలాన్ నాట్ (శూన్యం పర్మిటివిటీ) వేసి, మందంతో గుణిస్తే దాదాపు 118 వోల్టులు. చూడ్డానికి గొప్పగా ఉంది. కానీ శక్తి? సగం × ఛార్జ్ × వోల్టేజి: 21 మైక్రోజౌళ్ళు. ఒక వాట్ ఎల్‌ఈడీ అయితే 21 మైక్రోసెకన్లు వెలుగుతుంది. ప్రాజెక్టు మానుకోమని చెప్పట్లేదు. టైల్స్ కొనే ముందు ఈ లెక్క కాగితం మీద వేసుకోండి. అలాగే, నేను మొదట కొట్టిన బిళ్ళ ఇత్తడితో కలిసి వంగుతుంది, అక్కడ పనిచేసేది డి31. దానికి ఈ అంకెలు వాడకండి.

మీరు చేయాల్సిన లెక్క ఇది. అదే కొలతల ముక్క, పదార్థం మాత్రం పీజడ్‌టీ-5ఏ. డి33 విలువ 374, ఎప్సిలాన్ 1700 రెట్లు, బలం 10 న్యూటన్లు. 5హెచ్‌కి 2 వోల్టులకు కాస్త తక్కువ వస్తుంది, 5ఏకి 2.5 దాకా రావాలి. ఛార్జ్ తగ్గినా వోల్టేజి ఎందుకు పెరిగిందో రెండో సమీకరణంలో వెతకండి.