కుండ చెప్పే చలువ లెక్క

చల్లగా ఉన్నదల్లా ఒంటికి చలువ చేస్తుందన్న నమ్మకం నన్ను ఏళ్లుగా విసిగిస్తోంది, ఎందుకంటే ఆ మాట అండతోనే వేసవి రాగానే మన ఇళ్లలోకి కూల్‌డ్రింకు సీసాలు వచ్చి చేరుతున్నాయి. చలువ అంటే ఏమిటో తెలియాలంటే ఈ బల్ల మీద ఉన్న మట్టికుండను చూస్తే చాలు.

ఈ కుండలో ఒక్క మంచుముక్క కూడా వేయలేదు. అయినా మట్టిలోని సన్నని రంధ్రాల గుండా నీరు బయటికి ఊరి, ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోవడం వల్ల మిగిలిన నీరు చల్లబడుతుంది. మన చర్మం చెమటతో చేసే పని అచ్చంగా ఇదే. ఫ్రిజ్‌లోంచి తీసిన 4 డిగ్రీల నీటిని ఒక లీటరు తాగితే, అది ఒంటి వేడికి, అంటే 37 డిగ్రీలకు చేరేలోగా పీల్చుకునే వేడి సుమారు 33 కిలోకాలరీలు మాత్రమే. అదే లీటరు నీరు చెమటై చర్మం మీద ఆవిరైతే సుమారు 580 కిలోకాలరీలు పోతాయి. తేడా పదిహేడు రెట్లకు పైమాటే కాబట్టి, గ్లాసు ఎంత చల్లగా ఉందో చూసుకునే బదులు మన ఒళ్లనే కుండ నీటితో నిండుగా ఉందో లేదో చూసుకోవాలి.

అయితే కుండ అన్ని ఊళ్లలోనూ ఒకేలా పనిచేయదు. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల పొడి గాలికి అది ఇట్టే చల్లబడుతుంది గానీ, కాకినాడలోనో మచిలీపట్నంలోనో ఉక్కపోత రోజున గాలిలో అప్పటికే తేమ నిండి ఉండటం వల్ల ఊరిన నీరు ఆవిరి కాలేదు. మన ఒళ్లూ అంతే. కోస్తాలో చెమట కారిపోతుంది గానీ చల్లదనం దక్కదు, నీటితో పాటు ఉప్పూ పోతుంది. ఆ రెండింటినీ తిరిగి నింపేది, నీళ్లు ఎక్కువగా పోసి, ఉప్పు, అల్లం, కరివేపాకు వేసిన పలుచటి మజ్జిగ.

కూల్‌డ్రింకు ఆ పని చేయలేదు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు తాగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన ఓఆర్‌ఎస్‌ ద్రావణంలో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు ఉంటాయి, ఎందుకంటే చిన్నపేగు ఆ రెండింటినీ జతగా పీల్చుకున్నప్పుడు నీరు వాటి వెంట వెళుతుంది. చాలా రకాల కూల్‌డ్రింకుల్లో లీటరుకు దాదాపు నూరు గ్రాముల చక్కెర ఉంటుంది, ఉప్పు నామమాత్రమే.

కుండను నింపడానికి గ్లాసే అక్కరలేదు, కంచం కూడా పనికొస్తుంది. సొరకాయ, బీరకాయ, పొట్లకాయ, దోసకాయ, పుచ్చకాయ అన్నింటిలోనూ తొంభై శాతానికి పైగా నీరే. పిల్లలు తినరన్న సాకుతో పొట్లకాయను కొనడమే మానేసిన ఇళ్లు నాకు తెలుసు. వారు ఒకసారి దానిని పెరుగుపచ్చడి చేసి చూడాలని నా మనవి. ఉదయం పూట రాగి అంబలిలో మజ్జిగ కలిపి, ఉల్లిపాయ నంజుకుని తాగితే ఆకలీ దాహమూ ఒకేసారి తీరుతాయి.

ఇంట్లో కుండలన్నీ ఒకే తీరువి కావు. వయసు మీరిన కొద్దీ దాహం సరిగా తెలియదు కాబట్టి తాతయ్యకూ అమ్మమ్మకూ వారు అడగకముందే మజ్జిగ అందించాలి. అందరికంటే ఎక్కువగా ఊరే కుండ పొయ్యి దగ్గర నిలబడిన మనిషిది, కానీ మన ఇళ్లలో ఆమెకు దక్కేది చివరికి మిగిలిన మజ్జిగే. మొదటి గ్లాసు వంటింట్లోకే వెళ్లాలి, వంట కూడా ఎండ ముదరకముందే ముగిసిపోవాలి.

సమయం దాటిపోతోంది కనుక మిగిలినవి త్వరగా చెబుతాను. వండిన పదార్థాన్ని బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు, 32 డిగ్రీలు దాటిన వేడిలో అయితే గంటే గడువు. రోడ్డు పక్కన కోసి, మూత లేకుండా పెట్టిన పుచ్చకాయ ముక్కల కంటే కాయను కొని ఇంట్లో కోసుకోవడం మేలు. మధుమేహం ఉన్నవారు మామిడిపండును భోజనం పైన అదనంగా తినకుండా, దానికి తగ్గట్టు అన్నం తగ్గించుకోవాలి. రక్తపోటు, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు మజ్జిగలో ఉప్పు ఎంత వేసుకోవచ్చో, రోజుకు నీరు ఎంత తాగవచ్చో తమ వైద్యుడిని అడిగి తెలుసుకోవాలి, ఎందుకంటే కుండ లెక్క వారికి యథాతథంగా వర్తించదు.