08820 రివ్యూ: ఎడిసన్‌లో ఇల్లు చూసే ముందు

నమస్తే అండీ. ఇప్పుడు నేను ఓక్ ట్రీ పాండ్ గట్టు మీద ఉన్నాను. న్యూజెర్సీ, ఎడిసన్ టౌన్‌షిప్ ఉత్తర భాగం. టౌన్‌షిప్ అంటే ఇక్కడి ఒక రకం మున్సిపాలిటీ. ఉదయం ఏడున్నర అయింది. చెరువు అంచున పలచగా మంచు గడ్డకట్టింది, బాతులన్నీ నడుమ నీళ్ళు మిగిలిన చోట గుంపుగా చేరాయి. వెనకాల వినిపించే రొద మనవాళ్ళ దుకాణాలుండే ఓక్ ట్రీ రోడ్డు ట్రాఫిక్‌ది.

ఈసారి రివ్యూ చేస్తున్నది ఒక జిప్ కోడ్‌ని. 08820. ఎందుకంటే మీలో చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటే: "అక్కా, 08820లో ఇల్లు తీసుకుందామనుకుంటున్నాం, ఏరియా ఎలా ఉంటుంది?" కొందరైతే ఇల్లు కూడా చూడకుండా, ఈ నంబర్ ఉంటే చాలు అన్నట్టు వెతుకుతున్నారు. జీవితంలో అన్నింటికంటే పెద్ద అప్పు చేసి కొనే ఇంటిని అయిదు అంకెల మీద నమ్మకంతో కొనొద్దు. నేను ఒకసారి అలాగే దెబ్బతిన్నాను, ఆ సంగతి కాసేపట్లో చెప్తాను.

ముందు ఈ అంకెలు ఏమిటో చూద్దాం. మనకి పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. అమెరికాలో జిప్ కోడ్ దానికంటే తొమ్మిదేళ్ళ ముందే, 1963 జులైలో మొదలైంది. ఆంధ్ర, తెలంగాణ పిన్ కోడ్‌లు 5తో మొదలైనట్టే, ఇక్కడ ఈశాన్య రాష్ట్రాలవి 0తో మొదలవుతాయి. తర్వాత 088 అంటే ఉత్తరాలు ఊళ్ళవారీగా విడదీసే కిల్మర్ అనే సార్టింగ్ కేంద్రం కింద ఉన్న ప్రాంతం. చివరి 20 మన ఉత్తర ఎడిసన్ బట్వాడాకి గుర్తు. అన్నట్టు, ఎక్సెల్‌లో ఈ నంబర్ టైప్ చేస్తే ముందున్న సున్నా ఎగిరిపోయి 8820 అవుతుంది. ఆఫీసు ఫారాలు నింపేటప్పుడు ఒకసారి సరిచూసుకోండి.

కిల్మర్ అన్న పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. రెండో ప్రపంచ యుద్ధంలో ఎడిసన్ పక్కన క్యాంప్ కిల్మర్ అని పెద్ద సైనిక శిబిరం ఉండేది. యూరప్ వెళ్ళే సైనికులు ఇక్కడినుంచే ఓడ ఎక్కడానికి బయల్దేరేవారు. 1956లో హంగేరీలో తిరుగుబాటును సోవియట్ సైన్యం అణచేశాక, అక్కడినుంచి పారిపోయి వచ్చిన దాదాపు 30 వేల మందిని మొదట దింపింది కూడా ఈ శిబిరంలోనే. ఇవాళ మన ఇంటికి వచ్చే ఉత్తరం మీద ఆ శిబిరం పేరుతో ఉన్న కేంద్రం నంబరే ఉంటుంది. నాకిది చాలా నచ్చిన సంగతి.

ఇప్పుడు భూగోళం. మ్యాప్ తెరిచి చూస్తే ఎడిసన్ ఆకారం మినపగారెలా ఉంటుంది. గారెకి నడుమ చిల్లులా ఇంకో ఊరు, మెటచెన్. అది 1900లో విడిపోయి సొంత మున్సిపాలిటీ అయింది, దాని జిప్ 08840. చుట్టూ ఉన్నది ఎడిసన్, సుమారు 30 చదరపు మైళ్ళు. అందులో ఇళ్ళున్న జిప్‌లు ముఖ్యంగా మూడు: ఉత్తరాన 08820, దక్షిణాన 08817, తూర్పు వైపు 08837. అందుకే ఇక్కడ "ఊరి నడిబొడ్డు" అనే చోటు కనబడదు. బస్టాండు, గాంధీ బొమ్మ సెంటరు, గుడి వీధి అలవాటైన మనకి మొదట్లో ఇది వెలితిగా ఉంటుంది. సాయంత్రం నడుచుకుంటూ వెళ్ళి కాఫీ తాగే వీధి కావాలంటే మెటచెన్ వెళ్ళాలి.

నేల సంగతి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. సుమారు 20 వేల ఏళ్ళ కిందట ఉత్తరం నుంచి దిగివచ్చిన మంచు పలక ఈ చుట్టుపక్కలే ఆగిపోయింది. అది తోసుకొచ్చిన రాళ్ళు, మట్టి పెర్త్ ఆంబోయ్ నుంచి మెటచెన్, ప్లెయిన్‌ఫీల్డ్ మీదుగా కట్టలా పేరుకుపోయాయి. ఇక్కడి ఎత్తుపల్లాలు దాని గుర్తులే. 1777 జూన్ 26న అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ జనరల్ హౌ సేనలకి, అమెరికన్ల తరఫున లార్డ్ స్టెర్లింగ్ దళాలకి ఈ ప్రాంతంలో జరిగిన పోరుని షార్ట్ హిల్స్ యుద్ధం అంటారు. చిన్న గుట్టలు అని ఆ పేరు రావడానికి కారణం ఈ మట్టే. ఈ చెరువు పక్కనే ఆ పోరాటం సాగింది కాబట్టి ఈ స్థలాన్ని చరిత్ర గుర్తుగా కాపాడుతున్నారు.

ఇల్లు కొనేవాళ్ళకి దీంతో పనేంటి అంటారా? ఉంది. ఒకే వీధిలో ఒక ఇల్లు గుట్ట మీద, నాలుగిళ్ళ అవతలది పల్లంలో ఉంటాయి. 2021 సెప్టెంబర్ 1 రాత్రి ఐడా తుఫాను తెచ్చిన వాన న్యూజెర్సీని ముంచేసింది. ఆ తర్వాత నుంచి నేను ఏ ఇంటికి వెళ్ళినా ముందు కిచెన్ చూడను, బేస్‌మెంట్‌లోకి దిగుతాను. గోడ కింది భాగంలో, నేలకి జానెడు ఎత్తులో, సుద్దలాంటి తెల్లటి చార ఉందేమో వంగి చూడండి, అది నీళ్ళు ఊరిన గుర్తు. కొత్తగా రంగు వేసి ఉంటే వేలితో తట్టి చూడండి, పెచ్చులు లేస్తాయేమో. మూలన సంప్ పంప్, అంటే ఊరిన నీళ్ళని బయటికి తోడే మోటారు, గుంట ఉంటే మూత తీసి, ఒక బకెట్ నీళ్ళు పోసి మోటారు తిరుగుతుందో లేదో చూపించమని అడగండి. మొహమాటపడకండి.

సరే, నా దెబ్బ సంగతి. మేం ఈ ప్రాంతానికి వచ్చిన కొత్తలో ఒక బ్రోకర్ అద్దె ఇల్లు చూపించాడు. ఓక్ ట్రీ రోడ్డుకి నడిచేంత దూరం. "ఎడిసనే కదండీ, స్కూల్ కూడా అక్కడిదే" అన్నాడు. మనవాడే, తెలుగులో మాట్లాడుతున్నాడు, నమ్మాం. అడ్వాన్స్ కట్టేశాం. పాపని స్కూల్లో చేర్పించే కాగితాలు సిద్ధం చేసుకుంటుంటే అప్పుడు తెలిసింది, ఆ ఇల్లు ఐజ్లిన్‌లో ఉంది. జిప్ 08830. అది వుడ్‌బ్రిడ్జ్ టౌన్‌షిప్ కిందికి వస్తుంది, స్కూళ్ళూ ఆ టౌన్‌షిప్‌వే. ఐజ్లిన్ స్కూళ్ళు తక్కువవని నేను అనడం లేదు, మా పాప అక్కడే చదివింది, బాగా చదివింది. కానీ ఆ నెల రోజుల టెన్షన్, ఇంట్లో మా ఇద్దరి మధ్య మాటా మాటా పెరగడం, అవి మీకెవరికీ వద్దు.

అసలు చిక్కు ఎక్కడుందంటే, ఐజ్లిన్ ఒక మున్సిపాలిటీ కాదు. పోస్టల్ అడ్రస్‌లో దాని పేరు ఉంటుంది, పన్ను మాత్రం వుడ్‌బ్రిడ్జ్‌కి కడతాం. జిప్ హద్దు గీసేది పోస్టాఫీసు, తన బండి ఏ దారిలో తిరగాలో చూసుకుని. పన్ను వేసేది టౌన్‌షిప్. ఏ ఇంటి పిల్ల ఏ బడికి వెళ్ళాలో తేల్చేది స్కూల్ డిస్ట్రిక్ట్. ముగ్గురి గీతలూ ఒకదాని మీద ఒకటి కూర్చోవు. ఉత్తర ఎడిసన్‌లో జె.పి. స్టీవెన్స్ హైస్కూల్, దక్షిణాన ఎడిసన్ హైస్కూల్ ఉన్నాయి. మీరు చూసిన ఇంటి డోర్ నంబర్, వీధి పేరు ఇచ్చి స్కూల్ డిస్ట్రిక్ట్‌నే నేరుగా అడగండి. ప్రకటనలో రాసిన మాట పట్టుకుని సంతకం పెట్టకండి.

జనం గురించి చెప్పాలంటే జిప్ వారీ లెక్కలు అంత నికరమైనవి కావు. బట్వాడా దారులకి దగ్గరగా ఉండేలా జనాభా లెక్కలవాళ్ళు 2000 నుంచి వేరే హద్దులు గీసుకుని ఆ అంకెలు ఇస్తున్నారు. అందుకని నేను టౌన్‌షిప్ మొత్తం లెక్కలే చెప్తాను. 1990లో ఎడిసన్ జనాభా 88,680. 2010కి 99,967. 2020లో 1,07,588. జనం పెరిగింది కొంతే, మనుషులు మారింది చాలా. 2000లో భారత మూలాలవాళ్ళు దాదాపు 18 శాతం, పదేళ్ళకే 28 శాతం దాటారు. 2010లో ఆసియా మూలాలవాళ్ళందరినీ కలిపితే 43 శాతం, అందులో చైనా, కొరియా, ఫిలిప్పీన్స్ కుటుంబాలూ ఉన్నాయి. 2006లో కొరియా మూలాలున్న జున్ చోయ్ ఇక్కడ మేయర్ అయ్యారు. 2022 జనవరిలో శామ్ జోషి, భారత మూలాలున్న మొదటి మేయర్ అయ్యారు.

ఈ మార్పు ఎలా వచ్చిందో వీధుల్లో కనబడుతుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1950లు, 60లలో కట్టిన చిన్న ఇళ్ళు ఇక్కడ ఎక్కువ. ఇటలీ, పోలండ్, హంగేరీ, ఐర్లండ్ మూలాల కుటుంబాలు, యూదు కుటుంబాలు ఉండేవి. రూట్ 1 హైవే మీద ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీ 1948 నుంచి 2004 దాకా నడిచింది. 1965 వలస చట్టంతో మన డాక్టర్లు, ఇంజనీర్లు అమెరికాకి రావడం పెరిగింది. తర్వాత ఓక్ ట్రీ రోడ్డు మీద ఖాళీపడ్డ దుకాణాల్లో ఎక్కువగా గుజరాతీ వ్యాపారులు చీరలు, నగలు, కిరాణా పెట్టారు. మన తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో దిగింది వై2కే రోజుల్లో, అంటే 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయని వాటిని సరిచేయించుకున్న రోజుల్లో, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో. దారి వేసింది గుజరాతీలు, ఆ మాట ఒప్పుకోవాలి.

శనివారం సాయంత్రం ఓక్ ట్రీ రోడ్డుకి రండి. పార్కింగ్ కోసం మూడు చుట్లు తిరుగుతారు, అది ముందే చెప్తున్నా. కిరాణా కొట్టు తలుపు తీయగానే కరివేపాకు, ఇంగువ, అగరొత్తులు అన్నీ కలిసిన వాసన. కూరల దగ్గర ఒక పెద్దావిడ గోంగూర కట్ట పైకెత్తి, కాడ గిల్లి చూసి, ముదురుదని పక్కన పెట్టి ఇంకోటి తీస్తుంది. ఆ పక్కన దొండకాయలు ఏరుతున్న అబ్బాయి ఇండియాకి వీడియో కాల్ పెట్టి "అమ్మా, ఇవి లేతవేనా?" అని అడుగుతుంటాడు. అమెరికా వచ్చిన మొదటి నెలలో నా ప్రాణం కుదుటపడింది ఆ కూరల వరస దగ్గరే. పిల్లలు పుట్టాక ఊరినుంచి వచ్చే అమ్మానాన్నలకి కూడా ఈ ప్రాంతం తేలిక. గుడికి వెళ్ళాలంటే పక్కనే సౌత్ ప్లెయిన్‌ఫీల్డ్‌లో సాయి దత్త పీఠం, కాస్త దూరంగా బ్రిడ్జ్‌వాటర్‌లో వెంకటేశ్వరస్వామి. అయితే ఒక్క మాట. రోడ్డు దాటి లోపలి వీధుల్లోకి వెళ్తే కారు లేకుండా పాలప్యాకెట్ కూడా దొరకదు. డ్రైవింగ్ రాని పెద్దవాళ్ళు పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉండిపోతారు. ఇల్లు చూసేటప్పుడు వాళ్ళని కూడా లెక్కలో పెట్టుకోండి, నడిచేందుకు ఫుట్‌పాత్ ఉన్న వీధేనా అని చూడండి.

పన్ను. న్యూజెర్సీలో ఇంటి పన్ను దేశంలోనే ఎక్కువ, రాష్ట్ర సగటే ఏడాదికి దాదాపు 10 వేల డాలర్లు. బ్యాంకువాడు చెప్పే నెల వాయిదాకి దీన్ని కలిపి లెక్కేయండి. ఇంకో విషయం, పాత చిన్న ఇల్లు పడగొట్టి కొత్తది పెద్దది కడితే పన్ను కూడా ఆ మేరకు పెరుగుతుంది. ఆ ఆలోచనతో కొనేవాళ్ళు ముందే టౌన్‌షిప్‌లో కనుక్కోండి.

రైలు. 08820లో స్టేషన్ లేదు, ఇది చాలామందికి తెలియదు. మెట్రోపార్క్ ఐజ్లిన్‌లో ఉంది, ఎడిసన్ స్టేషన్ 08817 వైపు, మెటచెన్ స్టేషన్ మెటచెన్‌లో. మూడూ న్యూయార్క్ వెళ్ళే ఒకే లైన్ మీద ఉన్నాయి. మెట్రోపార్క్ నుంచి మన్‌హటన్ పెన్ స్టేషన్‌కి ముప్పావు గంట అటూ ఇటూ. రోజూ వెళ్ళేవాళ్ళు రైలు టైమ్ కంటే ముందు ఇంటి నుంచి స్టేషన్‌కి పొద్దున ఎంత సేపు పడుతుందో ఒక సోమవారం స్వయంగా వెళ్ళి చూడండి. ఆదివారం మధ్యాహ్నం అయిదు నిమిషాల దారి సోమవారం ఉదయం అలా ఉండదు.

ఇప్పుడు చివరి చోటికి వచ్చాను. క్రిస్టీ స్ట్రీట్, మెన్లో పార్క్. ఇదీ 08820లోదే. థామస్ ఎడిసన్ 1876లో ఇక్కడ ప్రయోగశాల పెట్టాడు. 1877లో ఫోనోగ్రాఫ్, అంటే శబ్దాన్ని రికార్డు చేసి వినిపించే యంత్రం, 1879లో విద్యుత్ బల్బు. అప్పట్లో ఈ టౌన్‌షిప్ పేరు రారిటన్, 1954లో జనం ఓటు వేసి ఎడిసన్ అని మార్చుకున్నారు. ప్రయోగశాల మాత్రం ఇప్పుడిక్కడ లేదు, హెన్రీ ఫోర్డ్ దాన్ని మిషిగన్‌లోని తన మ్యూజియం ఆవరణలో తిరిగి కట్టించాడు. ఆ చోట 131 అడుగుల స్తంభం ఉంది, 1938లో ప్రారంభించారు. పైన కనిపిస్తోందా, పెద్ద గాజు బల్బు. పక్కనే చిన్న మ్యూజియం, పిల్లల్ని తప్పకుండా తీసుకురండి, పాత ఫోనోగ్రాఫ్‌లు చూపిస్తారు.

1879 డిసెంబర్ 31 రాత్రి ఈ వీధి వెలగడం చూడ్డానికి రైల్వేవాళ్ళు ప్రత్యేక రైళ్ళు నడిపారు. చలిలో జనం దిగి, ఇదిగో ఈ వాలు మీదుగా నడిచి వచ్చారు. ఆనాటి మెన్లో పార్క్ స్టేషన్ ఇప్పుడు లేదు, 1971లో దాని బదులు మెట్రోపార్క్ వచ్చింది. లైన్ మాత్రం అదే. మైక్ కాస్త అటు తిప్పుతాను, వినండి, న్యూయార్క్ బండి వెళ్తోంది.