చిప్ ఫ్యాక్టరీ సామర్థ్యం ఒకే అంకె కాదు: దాన్ని లెక్క కట్టే గణితం

నమస్కారం. గుజరాత్‌లోని ధోలేరాలో టాటా ఎలక్ట్రానిక్స్, తైవాన్‌కు చెందిన చిప్ తయారీ సంస్థ పీఎస్‌ఎంసీతో కలిసి నిర్మిస్తున్న చిప్ ఫ్యాక్టరీ గురించి ఏ వార్త చదివినా "నెలకు 50,000 వేఫర్లు" అన్న అంకె కనిపిస్తుంది. వేఫర్ అంటే చిప్‌లను తయారు చేసే పలుచని సిలికాన్ బిళ్ల. చాలామంది దాన్ని భవనంతో పాటే స్థిరపడిపోయిన అంకెగా చదువుతారు. 2021లో చిప్‌ల కొరత వల్ల కార్ల డెలివరీలు నెలల తరబడి ఆగినప్పుడు కూడా "ఇంకో షిఫ్టు నడపవచ్చు కదా" అన్న మాట పదేపదే వినిపించింది. ఈ ఫ్యాక్టరీలు రాత్రింబవళ్లు, పండుగ రోజుల్లో సైతం నడుస్తూనే ఉంటాయి కాబట్టి అదనంగా నడపడానికి షిఫ్టు అంటూ మిగలదు. ఈ రెండు అపోహలకూ మూలం ఒక్కటే: ఒకే వేఫర్ అవే యంత్రాల దగ్గరికి మళ్లీ మళ్లీ వస్తుందన్న సంగతిని మరిచిపోవడం.

కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ అద్దకం చూసినవారికి ఆ మూలం వెంటనే అర్థమవుతుంది. కరక్కాయ, పాలలో తడిపి ఆరబెట్టిన బట్ట మీద మొదట నల్లని గీతల అచ్చు వేస్తారు, తరువాత పటిక అచ్చు వేస్తారు, పారే నీటిలో జాడిస్తారు, రాగి కాగులో ఉడికిస్తారు, ఆరబెడతారు. ఇంకో రంగు కావాలంటే ఆ బట్ట మళ్లీ అదే బల్ల మీదికి, మళ్లీ అదే కాలువకు వెళ్లవలసిందే. వేఫర్ కథ కూడా ఇంతే. ఒక్కో పొరకు ఒక్కో మాస్క్ ఉంటుంది. అందులోని గీతలను లిథోగ్రఫీ యంత్రం కాంతితో వేఫర్ మీదికి దించుతుంది. ఆ తరువాత చెక్కడం, అయాన్లను చొప్పించడం (ఇంప్లాంటేషన్), కడగడం పూర్తయ్యాక వేఫర్ తిరిగి లిథోగ్రఫీకే వస్తుంది. 25 వేఫర్లు పట్టే మూసిన పెట్టె ఒకటి కప్పు కింది పట్టాలకు వేలాడుతూ వచ్చి యంత్రం ముందు దిగే చోట, మూడో పొర కోసం వచ్చిన పెట్టె, ముప్పయ్యో పొర కోసం వచ్చిన పెట్టె ఒకే వరుసలో ఎదురుచూస్తుంటాయి.

ఇప్పుడు పెడన యజమానిని "మీరు నెలకు ఎన్ని బట్టలు అద్దగలరు?" అని అడిగితే ఆయన తిరిగి "ఎన్ని రంగుల బట్టలు?" అని అడుగుతారు. అచ్చులు ఎక్కువ, జాడింపులు తక్కువ ఉన్న డిజైన్ అయితే బల్ల అడ్డంకి అవుతుంది. అచ్చులు తక్కువ, జాడింపులు ఎక్కువ ఉంటే కాలువ అడ్డంకి అవుతుంది.

[తెర మీద పట్టిక]

ఇవి నేను ఉదాహరణకు తీసుకున్న అంకెలు. నెలకు లిథోగ్రఫీ విభాగం 12 లక్షల సార్లు, అయాన్ ఇంప్లాంటేషన్ విభాగం 6 లక్షల సార్లు వేఫర్లను తీసుకోగలవు అనుకుందాం. "అ" రకం వేఫర్‌కు లిథోగ్రఫీ 40 సార్లు, ఇంప్లాంటేషన్ 10 సార్లు కావాలి. "ఆ" రకానికి రెండూ 20 సార్లు చొప్పున కావాలి. కేవలం "అ" తయారు చేస్తే లిథోగ్రఫీ దగ్గర ఆగి 30,000 వేఫర్లు వస్తాయి. కేవలం "ఆ" తయారు చేసినా ఇంప్లాంటేషన్ దగ్గర ఆగి 30,000 వేఫర్లే వస్తాయి. రెండింటినీ 20,000 చొప్పున కలిపి తయారు చేస్తే మాత్రం మొత్తం 40,000 వస్తాయి. ఒక్క యంత్రం కూడా కొత్తగా కొనలేదు, భవనం అదే, మనుషులూ వారే. నాకు ఈ గణితంలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే.

ఈ మిశ్రమాన్ని వెతికిపెట్టేది లీనియర్ ప్రోగ్రామింగ్, అంటే పరిమితులకు లోబడి అత్యధిక ఫలితాన్ని కనుగొనే గణితం. 1939లో ప్లైవుడ్ పరిశ్రమ సమస్య నుంచి సోవియట్ గణితవేత్త కాంటొరోవిచ్ దీనికి పునాది వేస్తే, 1947లో అమెరికా గణితవేత్త జార్జ్ డాంట్జిగ్ దీన్ని పరిష్కరించే సింప్లెక్స్ పద్ధతిని ఇచ్చారు. నిజమైన ఫ్యాక్టరీలో చలరాశులు రెండు కావు, లక్షల్లో ఉంటాయి. జవాబుతో పాటు ప్రతి అడ్డంకికీ ఒక విలువ కూడా వస్తుంది. దాన్ని షాడో ప్రైస్ అంటారు. మన ఉదాహరణలో లిథోగ్రఫీకి నెలకు 6,000 సార్ల సామర్థ్యం అదనంగా ఇస్తే 100 వేఫర్లు పెరుగుతాయి, అదే ఇంప్లాంటేషన్‌కు ఇస్తే 200 పెరుగుతాయి. అతి సన్నని గీతలను దించే ఒక్కో ఈయూవీ లిథోగ్రఫీ యంత్రం ధర 15 కోట్ల డాలర్లకు పైనే ఉంటుంది కనుక అందరి దృష్టీ దాని మీదే ఉంటుంది, కానీ ఈ మిశ్రమంలో డబ్బు పెట్టవలసిన చోటు కాలువ లాంటి ఇంప్లాంటేషనే తప్ప బల్ల లాంటి లిథోగ్రఫీ కాదు.

అయితే లీనియర్ ప్రోగ్రామింగ్ అడ్డంకిగా ఉన్న యంత్రాలను నూటికి నూరు శాతం వాడమంటుంది. అది ప్రమాదకరం, ఎందుకంటే యంత్రాలు చెడిపోతాయి, పెట్టెలు గుంపులుగా వస్తాయి. అతి సరళమైన క్యూ సూత్రం ప్రకారం యంత్రం వినియోగం 80 శాతం ఉన్నప్పుడు నిరీక్షణ పని సమయానికి 4 రెట్లు ఉంటే, 95 శాతం వద్ద 19 రెట్లు అవుతుంది. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన నియమం ప్రకారం, నెలకు 40,000 వేఫర్లు తీసే ఫ్యాక్టరీలో ఒక్కో వేఫర్ మూడు నెలలు గడిపితే, ఏ క్షణంలో చూసినా సగటున 1,20,000 వేఫర్లు లోపలే ఉంటాయి. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ లీచ్‌మన్ బృందంతో కలిసి శామ్‌సంగ్ 1990ల చివరలో డీర్యామ్ (మెమరీ చిప్) తయారీ కాలాన్ని 80 రోజులకు పైనుంచి 30 రోజుల లోపుకు తగ్గించింది. నిరీక్షణ అలా పెరగకూడదనే ప్రణాళికలో ప్రతి విభాగానికీ కొంత ఖాళీని ముందుగానే వదులుతారు. ఆ ఖాళీని వృథా అనేవారితో నేను ఏకీభవించను.

సమయం దగ్గర పడుతోంది కాబట్టి మిగిలిన రెండు విషయాలను క్లుప్తంగా చెబుతాను. సగం యంత్రాన్ని కొనలేము కనుక చలరాశులు పూర్ణాంకాలు కావాలి, దానితో లెక్క ఎన్నో రెట్లు కఠినమవుతుంది. రెండోది, భవనానికి ఏళ్లు పడతాయి, యంత్రాలకు నెలల ముందే ఆర్డర్ పెట్టాలి, డిమాండ్ మాత్రం అప్పటికి తెలియదు. అందువల్ల స్టొకాస్టిక్ ప్రోగ్రామింగ్‌లో అనేక భవిష్యత్తులను వాటి సంభావ్యతలతో సహా పెట్టి, ఈ రోజు తీసుకోక తప్పని నిర్ణయాన్ని, తరువాతికి వాయిదా వేయగల నిర్ణయాన్ని వేరు చేస్తారు. భవనం గోడలు, కప్పు ఇప్పుడే కట్టి, యంత్రాలను డిమాండ్ చూసి నింపడం ఇలాంటి నిర్ణయమే. ఇంటెల్ పరిశోధకులు ఇంకో మెట్టు ముందుకు వెళ్లి, ఆలస్యంగా వచ్చే చౌక యంత్రాలను కొన్ని, కొంత రుసుము ముందుగా చెల్లించి అవసరమైతే త్వరగా తెప్పించుకునే హక్కును కొంత కలిపి కొనే పద్ధతిని రూపొందించారు. ఆ హక్కును ఎన్ని యంత్రాలకు తీసుకోవాలో ఈ నమూనాయే చెబుతుంది.