రేపు పరీక్షంటే ఇయ్యాల పుస్తకం ముట్టడు

యాంకర్: హలో, చెప్పండమ్మా, ఎక్కడి నుంచి?

కాలర్: నమస్తే మేడం, దేవరకొండ. మా బాబు ఇంటర్ ఫస్టియర్. టెన్త్‌ల మంచి మార్కులే వచ్చినయ్. ఇప్పుడు రేపు పరీక్షంటే ఇయ్యాల పుస్తకం ముట్టడు. రాత్రి రెండింటి దాకా ఫోన్. ఏమన్నంటే కసురుకుంటడు.

సైకాలజిస్టు: మార్కులొచ్చిన రోజు ఇంట్లో ఏమంటారమ్మా?

కాలర్: మా బావగారి పిల్లగానికి ఎన్నొచ్చినయో అడుగుతం. మా ఆయనకు కోపమొస్తే రెండు మూడు దినాలు వానితోని మాట్లాడడు.

సైకాలజిస్టు: చిక్కు అక్కడ కూడా ఉండొచ్చు. చదివి తక్కువొస్తే 'నాకు తెలివి లేదు' అని తేలిపోతుంది. చదవకుండా తక్కువొస్తే 'చదవలే, అందుకే రాలే' అనుకోవచ్చు. మార్కుల్ని బట్టే ఇంట్లో విలువ అనిపించిన పిల్లలు ఆ సాకును ముందే సిద్ధం చేసుకుంటారు. బద్ధకమని తిడితే భయం ఇంకా పెరుగుతుంది. మాట్లాడకుండా ఉండటమూ చిన్న దెబ్బ కాదు.

కాలర్: మరి ఊకోవాల్నా మేడం?

సైకాలజిస్టు: ఊకోవద్దు. రాత్రి పదిన్నరకు అందరి ఫోన్లూ ముందు గదిలో చార్జింగ్‌కు పెట్టండి, వాళ్ల నాన్నది కూడా. బాబుది ఒక్కటే గుంజుకుంటే గొడవే మిగులుతుంది. ఈ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. చదువు 20 నిమిషాలతో మొదలుపెట్టించండి. ఏ సబ్జెక్టు, ఎన్నింటికి అన్నది తననే చెప్పనివ్వండి. లేచాక "గింతేనా?" అనకండి. "లెక్క రాకున్నా రెండోసారి చేసినవ్ బిడ్డా" అనండి. మొదట్లో మొండికేస్తాడు. చాలామంది తల్లిదండ్రులు అక్కడే ఓపిక పోయి మళ్లీ తిట్లకు దిగుతారు. శిక్షగా ఆట మాత్రం బంద్ చేయకండి.

కాలర్: ఆటకు గూడ పోతలేడు మేడం. సగం అన్నంల లేస్తుండు. నెలైతుంది.

సైకాలజిస్టు: అయితే చదువు సంగతి తర్వాత చూద్దాం. రెండు వారాలు దాటి ఇలా ఉంటే డిప్రెషన్ కావచ్చు. ఈ వయసులో అది ఏడుపుగా కాక చిరాకుగా బయటపడొచ్చు. "చచ్చిపోవాలనిపిస్తుందా బిడ్డా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన రాదు. అవునంటే ఒంటరిగా వదలకండి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. పత్తికి కొట్టే పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉన్నాయా?

కాలర్: అర్రల ఉన్నయ్.

సైకాలజిస్టు: ఇవాళే తాళం వేసి, చెవి మీ దగ్గర పెట్టుకోండి. ఈ వారంలోనే మానసిక వైద్యులకు చూపించండి.

కాలర్: ఊర్ల ఏమనుకుంటరో అని…

సైకాలజిస్టు: ముందు ఇంటి నుంచే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వానిదే, ఉచితం, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. బాబు మాట్లాడనంటే మీరే మాట్లాడండి.