గుర్రం కొట్టంలోకే పోతానంటే

(నెల్లూరులో పశుపోషకుల సమావేశంలో ఒక పశువైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

సభలో ఉన్న పెద్దలకు, జట్కా తోలిన కుటుంబాల వాళ్లకు, పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు తిప్పే తమ్ముళ్లకు, సరదా కొద్దీ ఒకటో రెండో గుర్రాలు సాకుతున్న వాళ్లకు నమస్కారం.

ఒంగోలు గిత్త, నెల్లూరు గొర్రె పుట్టిన ఈ గడ్డ మీద పశువుల డాక్టరును పిలిచి గుర్రం గురించి మాట్లాడమనడం అరుదు. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద గుర్రాలు, పొట్టి గుర్రాలు కలిపి తేలింది 3.4 లక్షలే. 2012 లెక్కతో పోలిస్తే 45 శాతానికి పైగా తగ్గిపోయాయి. అందుకే మనలో ఎవరికైనా గుర్రం విషయంలో సందేహం వస్తే అడగడానికి పక్క వీధిలో ఇంకో గుర్రం ఉన్న మనిషి దొరకడు. యూట్యూబ్ చూస్తాం. అక్కడ మాట్లాడేది ఇంగ్లండు ఆయనో, కెనడా ఆయనో. వాళ్ల ఊళ్లో వాళ్లు చెప్పేది నిజమే, అందులో తప్పేం లేదు. కానీ అది కోవూరులో, కావలిలో అక్కరకు రాదు.

కార్తీకం మొదలైందంటే నాకొచ్చే ఫోన్లలో ఒక మాట తప్పకుండా ఉంటుంది. "సార్, బీట్లో వదిలితే మేయడం లేదు. గేటుకాడే నిలబడి సకిలిస్తా ఉంది. కొట్టంలోకి తోలితే గమ్మునుంటది. దానికి కొట్టమే ఇష్టమేమో, కట్టేసి ఉంచమంటారా?" గుర్రమన్నాక బయట తిరగాల్సిందే, గేటు వేసేయండి అనేవాళ్లు కొందరు. అడిగింది ఇస్తే పోలా అనేవాళ్లు ఇంకొందరు. నన్నడిగితే ఇద్దరిదీ తొందరపాటే. గేటు దగ్గర నిలబడిన గుర్రం చాలాసార్లు బయట ఉన్న దేన్నో వద్దంటోంది. అదేమిటో చూసిన తర్వాతే లోపలా బయటా అన్నది తేల్చాలి.

ముందు చలి సంగతి. మామూలు వాతావరణంలో పెరిగిన గుర్రం 5 డిగ్రీల దాకా చలిని లెక్కచేయదు. గడ్డకట్టే చలికి అలవాటుపడి దట్టంగా బొచ్చు పెంచుకున్న గుర్రాలైతే సున్నాకు 15 డిగ్రీల దిగువన కూడా తట్టుకుంటాయి. తిన్న గడ్డి పెద్దపేగులో పులిసేటప్పుడు పుట్టే వేడే దానికి కుంపటి. మనకు డిసెంబరు తెల్లవారుజామున కూడా 20 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. అయినా ఆన్‌లైన్లో గుర్రానికి దుప్పటి తెప్పించుకున్నవాళ్లు ఈ సభలోనే ఉన్నారు, నేను పేర్లు చెప్పను. దయచేసి దాన్ని మడిచి అటక మీద పెట్టండి. దాని కింద గుర్రం చెమటపట్టి, ఆ తడికి ఒరుసుకుని పుండ్లు పడుతుంది.

మన బెడద చలి కాదు, తడి. ఈ జిల్లాకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే పడుతుంది. వాయుగుండం పట్టిందంటే రెండు మూడు రోజులు ముసురు వదలదు. పైగా పెళ్లిళ్లకు మనం ఎక్కువగా కొనే గుర్రాలు, చెవుల కొనలు లోపలికి వంగి కలుసుకునే మార్వాడీ, కాఠియావాడీ జాతులవి. రాజస్థాన్, గుజరాత్ మెట్టనేలల్లో తయారైన జాతులు. పల్చటి వెంట్రుక. వెంట్రుకలు నిక్కి నిలబడినప్పుడు వాటి మధ్య చిక్కుకున్న గాలే చలి కాస్తుంది. వాన పడితే అవి చర్మానికి అతుక్కుపోయి ఆ రక్షణ పోతుంది. దానికి తోడు సముద్రపు గాలి వీచిందంటే 22 డిగ్రీల్లో కూడా వణుకు పుడుతుంది.

దీన్ని కనిపెట్టడానికి థర్మామీటరు అక్కర్లేదు. వానలో నిలబడిన గుర్రం నడుము మీద, తోకకు జానెడు ముందు, వేళ్లు వెంట్రుకల కిందికి పోనిచ్చి చర్మం తాకండి. పైన తడిసినా అడుగున పొడిగా వెచ్చగా తగిలితే దానికేం ఫర్వాలేదు, ఉండనివ్వండి. చర్మం దాకా తడి దిగి, చెవి మొదలు పట్టుకుంటే చల్లగా ఉంటే లోపలికి తీసుకురండి, గోనెపట్టాతో గట్టిగా తుడవండి, ముందు ఎండుగడ్డి వేయండి. దాణా తర్వాత.

ఇక నిద్ర. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. గుర్రం నిలబడే నిద్రపోతుందని చిన్నప్పటినుంచి వింటున్నాం. సగమే నిజం. మోకాలి దగ్గర ఎముక, దాన్ని పట్టి ఉంచే స్నాయువులు బిగుసుకుని కాలు మడవకుండా పట్టి ఉంచే ఏర్పాటు దానికి ఉంది కాబట్టి నిలబడి కునుకు తీయగలదు. గాఢనిద్ర మాత్రం పడుకుంటేనే. రోజుకు అరగంట నుంచి గంట చాలు, కానీ ఆ కాసేపు తప్పకుండా కావాలి. ఇప్పుడు అక్టోబరులో మన బీడు ఎలా ఉంటుందో తలుచుకోండి. నల్లరేగడి అయితే గిట్ట లోతు బురద. పడుకోవడానికి పొడి జాగా బారెడు కూడా ఉండదు. గుర్రం బురదలో ఒళ్లు వాల్చడానికి ఇష్టపడదు. రెండ్రోజులు, మూడ్రోజులు, వారం అలాగే నిలబడి ఉంటుంది. తర్వాత నిలబడే గాఢనిద్రలోకి జారుతుంది, ముందుకాళ్లు మడత పడతాయి, మూతి నేలకు తగలబోయి ఉలిక్కిపడి లేస్తుంది. మీ గుర్రం ముందుకాళ్ల గిట్ట కీళ్ల మీద, ముందువైపున, రూపాయి బిళ్లంత దోక్కుపోయిన మచ్చలుంటే ఎక్కడో తట్టుకుని పడిందిలే అనుకోకండి. చాలావరకు అది నిద్రలేమి రాసిన సంతకం. అలాంటి గుర్రం కొట్టం వైపు చూస్తోందంటే దానికి కావలసింది పడుకోవడానికి పొడి నేల. బీడులో కాస్త మెరక చూసి పది పదిహేను అడుగుల మేర ఇసుక తోలించి పైన ఒక రేకు వేస్తే, అదే గుర్రం గేటు దగ్గరికి రావడం మానేయొచ్చు.

మన కొట్టాల్లో దీనికి ఇంకో అన్యాయం జరుగుతుంది. తల దగ్గర ఒక తాడు, వెనక కాళ్లకు ఒక తాడు. కట్టుగొయ్యకు అంత పొట్టిగా బిగించి కడితే లోపల కూడా పక్కకు వాలి పడుకోలేదు. బయట బురద, లోపల తాడు. వెనక తాడు తీసేయండి. తీయలేని పొగరుబోతు గుర్రమైతే నాలుగు పక్కలా బొంగులు కట్టి గదిలా చేసి వదిలేయండి.

జోరీగల మాటకొస్తే, వాన వెలిసి ఎండ కాసిన రోజు పొద్దున పదింటి నుంచి సాయంత్రం దాకా వాటిదే రాజ్యం. నీడగా, చీకటిగా ఉన్న కొట్టంలోకి అవి పెద్దగా రావు. గుర్రానికి ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. తోక విసురుతూ, కాళ్లు నేలకేసి కొడుతూ, చర్మం జలదరిస్తూ గేటుకొస్తే అది లోపలికి రావాల్సిందే, దానితో వాదించకండి. కుట్టడం ఒక్కటే కాదు, ఈ జోరీగలే ఒంటె నుంచి, పశువు నుంచి గుర్రానికి సర్రా అనే, రక్తంలో పురుగు చేరే రోగం మోసుకొస్తాయి. వచ్చిపోయే జ్వరం, తింటున్నా చిక్కిపోవడం, పొట్ట కిందా కాళ్లకూ నీరు చేరడం, ఇవి కనిపిస్తే బొట్టు రక్తం అద్దం పలక మీద తీసి చూపించండి. జ్వరం ఉన్నప్పుడు తీస్తేనే పురుగు దొరికే అవకాశం ఎక్కువ. ఇలాంటి రోజుల్లో పగలు లోపల, చీకటి పడ్డాక బయట. మనం చేసేది చాలావరకు దీనికి తిరగేసి.

ఒంటరితనం ఇంకో కారణం. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు కొట్టంలో ఉన్న గుర్రాలను బయట వదిలి, ఉంటావా, లోపలికి పోతావా అని పావుగంటకోసారి వాటినే ఎంచుకోనిచ్చారు. ఒంటరిగా వదిలినవి సగటున 17 నిమిషాలే ఉన్నాయి. తోటి గుర్రాలుంటే 35 నిమిషాలు. రెండ్రోజులు కట్టేసి ఆ తర్వాత తోటివాటితో వదిలితే 54 నిమిషాలు. ఒంటరిగా ఉన్నదాన్ని రెండ్రోజులు కట్టేసి వదిలినా బయట ఉండే సమయం పెరగలేదు. మన ఊళ్లలో గుర్రాలు చాలావరకు ఒంటరివే. రెండో గుర్రం కొనమని నేను చెప్పను, ఆ ఖర్చు నాకు తెలుసు. ఒక మేకనో, నెమ్మదైన పాడిగేదెనో అదే బీట్లో తిప్పి చూడండి. కొన్ని గుర్రాలు దాంతోనే సర్దుకుంటాయి.

దాణా వేళ కూడా చూసుకోండి. నాలుగింటికి కొట్టంలో ఉలవ గుగ్గిళ్లు పెట్టేవాళ్ల గుర్రం మూడున్నరకే గేటు దగ్గరుంటుంది. అది ప్రేమా కాదు, దిగులూ కాదు. ఓ నాలుగు రోజులు బకెట్టు బయటే పెట్టి చూడండి, తేలిపోతుంది.

ఇవన్నీ సరిచేశాక కూడా లోపలే ఉంటానంటే? అప్పుడు దాని మాట వినాలి. నార్వేలో 23 గుర్రాలకు మూడు గుర్తులున్న పలకలు చూపించి, మూతితో తాకి చెప్పడం నేర్పారు. ఒకటి దుప్పటి కప్పమని, ఒకటి తీసేయమని, మూడోది ఉన్నట్టే ఉంచమని. రెండు వారాల్లో అన్నీ నేర్చుకున్నాయి. వాన, చలి ఉన్న రోజు కప్పమన్నాయి, ఎండ రోజు తీసేయమన్నాయి. 2016లో వచ్చిన ఈ పరిశోధన చదివాక, గుర్రానికేం తెలుసు అనే మాట నేను ఎవరి నోట విన్నా ఊరుకోవడం లేదు. మనకు పలకలక్కర్లేదు. కొట్టం తలుపు తీసి ఉంచి, లోపలా బయటా సమానంగా గడ్డి వేసి, ఎక్కడుంటుందో వారం పాటు చూస్తే చాలు. ముసలి గుర్రాలు, కాళ్లనొప్పులున్నవి, పళ్లు అరిగినవి నిజంగానే లోపలే ఎంచుకుంటాయి. వాటిని తరిమి బయట నిలబెట్టడం మొండితనం.

అయితే అది ఎంచుకున్న కొట్టం ఎలా ఉంది? తెల్లారి తలుపు తీయగానే, కసువు ఊడవకముందు, గుర్రం పడుకున్న చోట మీరు గొంతుక్కూర్చోండి. దాని ముక్కు ఉండే ఎత్తులో మీ ముక్కు పెట్టి నాలుగు సార్లు గాలి పీల్చండి. కళ్లు మండితే రాత్రంతా అది పీల్చింది ఆ మూత్రం ఘాటునే. నిలబడి చూస్తే తెలియదు. ముసురుకి చలిగాలి తగలకూడదని గోనెపట్టాలు, టార్పాలిన్లు నలువైపులా బిగిస్తారు, అదే దగ్గుకు మొదలు. వానకొట్టే పక్క మూయండి, చూరు కింద మూరెడు తెరిచి ఉంచండి.

మేత ఇంకా ముఖ్యం. గుర్రం వదిలేస్తే రోజుకు 14 గంటలకు పైగా మేస్తూనే ఉంటుంది. దాని పొట్ట చిన్నది, యాసిడ్ మాత్రం తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది. పొద్దునొక బకెట్టు, సాయంత్రం ఒక బకెట్టు దాణా పెట్టి మధ్యలో ఖాళీగా నిలబెడితే ఆ యాసిడ్ పొట్టనే తింటుంది. 300 కిలోల గుర్రానికి రోజుకు కనీసం నాలుగున్నర కిలోల ఎండుమేత పడాలి, అదీ నాలుగైదు దఫాలుగా. నెల్లూరు కాబట్టి వరిగడ్డికి కొదవలేదు, అందరూ అదే వేస్తారు. ఆవు నెమరేసి అరిగించుకుంటుంది, గుర్రానికి నెమరు లేదు, వాంతి చేసుకునే వీలూ లేదు. వరిగడ్డి ఒక్కదాని మీదే ఉంచి, నీళ్లు తక్కువ తాగిన ముసురు రోజున పేగులో అడ్డం పడితే నాకు అర్ధరాత్రి ఫోన్ వస్తుంది. గరిక కోసుకొచ్చి వేయండి, జొన్నచొప్ప నరికి కలపండి. కనిగిరి, పొదిలి వైపు చుట్టాలుంటే చొప్ప సంగతి వాళ్లనడగండి.

గుర్రం ఇష్టాన్ని ఒక్క చోట మాత్రం ఒప్పుకోవద్దు. ప్రమాదం వస్తే అది తెలిసిన చోటికే పరిగెడుతుంది. కాలుతున్న సాలలోకి వెనక్కి దూరిపోయిన గుర్రాల సంగతి లోకమంతా తెలిసిందే. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర జాతీయ రహదారే తెగిపోయింది. అలాంటి రాత్రి కట్టేసి ఉన్న పశువుకు తప్పించుకునే దారి లేదు. వరద హెచ్చరిక వస్తే చీకటి పడకముందే మెరకకు తోలండి, తోలలేకపోతే తాడు విప్పి, తలుపు తీసి, కొట్టం బయటికి తరిమి గేటు వేయండి. తుపాను గాలికైతే రేకుల షెడ్డు కంటే చెట్లు, కరెంటు స్తంభాలు లేని బయలే నయం.

ఇంకొక్కటి చెప్పి కూర్చుంటాను, ఇది పెళ్లి గుర్రాల వాళ్లకు. మార్గశిరం దాకా రాత్రిళ్లు బ్యాండు ముందు నడిచి, ధనుర్మాసం రాగానే పని ఆగిపోతుంది. గుర్రం నెల రోజులు కొట్టంలోనే. పాపం కష్టపడిందని దాణా తగ్గించరు. మాఘంలో మొదటి ముహూర్తానికి జీను వేసి అయిదు కిలోమీటర్లు నడిపిస్తారు, నడుము బిగుసుకుపోయి, చెమటలు కక్కి, దారిలో నిలబడిపోతుంది. జనం మొండికేసిందని కర్రతో కొడతారు. కొట్టకండి, ఒక్క అడుగు కూడా నడిపించకండి. కండరాలు చిట్లుతున్నాయి. మూత్రం కాఫీ రంగులో వస్తే అది అర్జెంటు కేసు, బండి ఎక్కించి తీసుకెళ్లడానికి కూడా డాక్టరును అడిగే కదలండి. ఇది రాకుండా ఉండాలంటే పని ఆగిన రోజు నుంచే ఉలవలు సగానికి తగ్గించి గడ్డి పెంచండి, రోజూ పొద్దున గంటసేపు పగ్గం పట్టుకుని నడిపించండి. లోపలే ఉంటానని మారాం చేసినా సరే, ఆ గంట మాత్రం నడవాల్సిందే.

రక్తపరీక్షకు గుర్రాలను తెచ్చినవాళ్లు బయట వేపచెట్టు దగ్గర వరసలో ఉండండి. ముందు జ్వరం ఉన్నవి, తర్వాత మిగతావి.